2147483647: ముప్పై ఒక్క ఒకట్ల సంఖ్య

2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ముప్పై ఒక్క రెళ్ళను గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలే సంఖ్య ఇది. గణితంలో 2³¹−1 అని రాస్తారు. ఇది ప్రధాన సంఖ్య, మెర్సెన్ ప్రధాన సంఖ్యల వరుసలో ఎనిమిదోది. ఆ సంగతిని లియోనార్డ్ ఆయిలర్ 1772లో తేల్చాడు. అక్కడి నుంచి పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

ఈ రోజుల్లో దీన్ని గణితజ్ఞుల కంటే ప్రోగ్రామర్లే ఎక్కువ ఎరుగుదురు. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే 32 బిట్ల గడిలో ఇంతకు మించిన సంఖ్య పట్టదు. గణితంలోనూ కంప్యూటర్లలోనూ దీనికి పేరు వచ్చింది కానీ, ఒక చోటి కారణానికి రెండో చోట పని లేదు. ప్రధాన సంఖ్య కావడం వల్ల ఇది ఆ గడికి హద్దు కాలేదు.

అంకెల్లో రూపం

మన పదంకెల లెక్కలో ఈ సంఖ్యకు చూడముచ్చటైన రూపమేమీ లేదు. అంకెల మొత్తం 46, అంతే. బైనరీలో రాస్తే మాత్రం వరసగా ముప్పై ఒక్క ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా అయినా లేదు. ఎనిమిది ఆధారంగా రాస్తే ఒక 1, దాని వెనుక పది 7లు. పదహారు ఆధారంగా రాస్తే ఒక 7, వెనుక ఏడు ‘ఎఫ్’లు. పదంకెల లెక్కలో 999 అంటే వెయ్యికి ఒకటి తక్కువ అయినట్టే, బైనరీలో అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్య ఏదో ఒక రెండు ఘాతానికి ఒకటి తక్కువ.

చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు గింజలు పోసే కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. అరవై నాలుగు గళ్ళ మొత్తాన్ని భూతసంఖ్యల్లో, అంటే అంకెకో పదం చొప్పున, చెప్పే పాత తెలుగు పద్యం ఒకటి ఇప్పటికీ అవధాన ప్రియుల నోట వినపడుతుంది. ఆ బల్ల మీద మొదటి ముప్పై ఒక్క గళ్ళలో పోసిన గింజల మొత్తమే మన సంఖ్య. ముప్పై రెండో గడిలో ఒక్కదాంట్లోనే దీనికంటే ఒక గింజ ఎక్కువ పడుతుంది. అదే భూతసంఖ్యల పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి దీన్ని చెప్పాలంటే గిరి, వేద, తర్క, అగ్ని, గజ, అబ్ధి, నగ, యుగ, చంద్ర, నేత్ర అనవచ్చు. ఛందస్సులో కూర్చే పని పద్యం చేతనైనవాళ్ళకు వదిలేద్దాం.

ప్రధాన సంఖ్య అని తేలిన కథ

రెండు ఘాతానికి ఒకటి తక్కువైన సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలంటారు. మారిన్ మెర్సెన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి మతాచార్యుడు, గణితజ్ఞుడు. ఇలాంటి సంఖ్య ప్రధానం కావాలంటే ఘాతాంకం కూడా ప్రధానమై తీరాలి. ఎందుకో బైనరీలో చూస్తే కాగితం కూడా అక్కర్లేదు. ఆరు ఒకట్లను, 111111 ను, రెండేసి ఒకట్లుగా మూడు ముక్కలు చేయవచ్చు, మూడేసిగా రెండు ముక్కలూ చేయవచ్చు. కాబట్టి అది 11 తోనూ 111 తోనూ తెగుతుంది. ముప్పై ఒక్క ఒకట్లను అలా సమాన ముక్కలు చేయడం కుదరదు, ఎందుకంటే 31 ప్రధానం. అయితే ఇంత మాత్రాన పని అయిపోదు. 11 ప్రధానమే, కానీ 2¹¹−1 అంటే 2047, అది 23 × 89.

ఈ తేడా తెలియక చాలామంది బోల్తా పడ్డారు. ఇటలీకి చెందిన పియెట్రో కటాల్డి 17, 19 ఘాతాంకాలకు నిజంగానే లెక్క చేసి చూపాడు. 1603లో అచ్చయిన తన పుస్తకంలో అదే ఊపున 23, 29, 31, 37 కూడా సరిపోతాయన్నాడు. 23, 37 రెండూ తప్పని 1640లో ఫెర్మా చూపాడు. 29 సంగతి ఆయిలర్ తేల్చాడు: 2²⁹−1 = 233 × 1103 × 2089. నాలుగింటిలో మిగిలింది 31 ఒక్కటే. మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలోనూ 31 ఉంది. ఆ జాబితాలో 67, 257 ఉండకూడనివి, 61, 89, 107 ఉండవలసి ఉండీ లేనివి. కాబట్టి 31 ని కటాల్డి, మెర్సెన్ ఇద్దరూ చెప్పారన్న మాటకు రుజువుగా విలువ లేదు. ఊహ కలిసి వచ్చింది, అంతే.

రుజువు ఆయిలర్‌ది. 1772 నాటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపుగా పోయింది. గణితజ్ఞుడు బెర్నౌలీకి రాసిన ఒక లేఖలో ఈ సంఖ్య ప్రధానమని తెలియజేశాడు. ఆయన దారి ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి.

ఒక సంఖ్య ప్రధానమా కాదా అని చూడటానికి దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూస్తే చాలు. ఇక్కడ వర్గమూలం 46,340 దాటి 46,341 లోపు ఉంటుంది. ఆ లోపు ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800. చేత్తో అన్ని భాగహారాలంటే నెలల పని. ఆయిలర్ ముందుగా జల్లెడ పట్టాడు. 2³¹−1 కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 62 తో భాగిస్తే శేషం 1 రావాలి, 8 తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. మొదటి షరతు ఫెర్మా సిద్ధాంతం నుంచి వస్తుంది, రెండోది 2 ఏయే ప్రధాన సంఖ్యల దగ్గర వర్గశేషం (ఏదో ఒక వర్గాన్ని భాగిస్తే మిగిలే శేషం) అవుతుందన్న విషయం నుంచి వస్తుంది. రెండూ కలిపితే, ఆ కారణాంకం 248 గుణిజం కంటే 1 ఎక్కువైనా కావాలి, 63 ఎక్కువైనా కావాలి.

46,341 లోపు 63 ను వదిలేస్తే అలాంటి సంఖ్యలు 372 మాత్రమే. వాటిలోనూ చాలా మటుకు ప్రధానాలు కావు: 249 మూడుతో తెగుతుంది, 497 ఏడుతో, 559 పదమూడుతో. నిజంగా భాగించి చూడవలసిన మొదటి మూడు 311, 1303, 1489. 311 తో భాగిస్తే భాగఫలం 69,05,092, శేషం 35. తెగలేదు. ఇలా చివరిదాకా పోతే మొత్తం దాదాపు ఎనభై భాగహారాలతో పని ముగుస్తుంది, ఒక్కటీ తెగదు. వేల భాగహారాలను ఎనభైకి దించడంలోనే ఆయిలర్ ప్రతిభంతా ఉంది. ఓపికగా భాగించేవాళ్ళు ఆ కాలంలో ఇంకా చాలామంది ఉండేవారు.

1876లో ఎడ్వర్డ్ లూకాస్ మరో దారి కనిపెట్టాడు. తర్వాత లేమర్ దాన్ని సులువు చేశాడు. 4 తో మొదలుపెట్టి, ఉన్నదాన్ని వర్గం చేసి 2 తీసేస్తూ పోవాలి, ప్రతిసారీ పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషమే ఉంచుకోవాలి. చిన్నదానిపై, 2⁵−1 అంటే 31 పై, చూద్దాం. 4 తర్వాత 14, ఆపైన 194. దాన్ని 31 తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గం 64, రెండు తీస్తే 62, అది 31 తో తెగింది. శేషం సున్నా అయింది కనుక 31 ప్రధానం. ఘాతాంకం 5 అయితే ఇలా మూడుసార్లు చేయాలి, 31 అయితే ఇరవై తొమ్మిది సార్లు. కారణాంకాల కోసం వెతికే ప్రసక్తే లేదు. ఈ పద్ధతితోనే లూకాస్ ముప్పై తొమ్మిది అంకెల 2¹²⁷−1 ప్రధానమని చెప్పాడు. ఇప్పటికీ మెర్సెన్ ప్రధాన సంఖ్యలను చివరికి తేల్చేది ఈ పరీక్షే. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1 లో నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. అది తెలిసినవాటిలో యాభై రెండోది.

పరిపూర్ణ సంఖ్యతో బంధుత్వం

తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడితే తనే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 28 అలాంటిది: 1+2+4+7+14. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచి ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ చెప్పాడు, సరి పరిపూర్ణ సంఖ్యలకు ఇంకో పుట్టుక లేదని రెండు వేల ఏళ్ళ తర్వాత ఆయిలర్ నిరూపించాడు. మన సంఖ్యను 2³⁰ తో గుణిస్తే వచ్చే 2305843008139952128 ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. ఒకటి నుంచి 2147483647 వరకు ఉన్న సంఖ్యలన్నీ కూడినా మొత్తం అదే. 1 ఘనం, 3 ఘనం, 5 ఘనం అంటూ 65,535 ఘనం దాకా బేసి సంఖ్యల ఘనాలన్నీ కూడినా మళ్ళీ అదే.

పీటర్ బార్లో అనే ఆంగ్ల గణితజ్ఞుడు 1811లో ఈ పరిపూర్ణ సంఖ్య గురించి జోస్యం చెప్పాడు. ఇవి వింత కోసమే తప్ప ఉపయోగానికి కావు కనుక, ఇంతకంటే పెద్దదాని కోసం ఎవరూ శ్రమ పడరని, కనుక్కోబోయేవాటిలో ఇదే చివరిదని ఆయన అభిప్రాయం. ఆ మాట ఆ శతాబ్దం కూడా దాటలేదు. ఉపయోగం లేదనే మాట నిజమే అయినా, అందువల్ల మనుషులు ఊరుకుంటారనుకోవడం బార్లో పొరపాటు.

ఏ వర్గంలో చేరుతుంది, ఏ వర్గంలో చేరదు

పెద్ద సంఖ్య దేనికైనా పాతిక బిరుదులు తగిలించడం కష్టం కాదు. బైనరీలో ఎటు చదివినా ఒకటే, ఒకట్ల లెక్క కూడా ప్రధానమే వంటివన్నీ 2³¹−1 అన్న రాతలోనే ఉన్నాయి, వేరుగా చెప్పుకోవలసిన గొప్పలు కావు. నిజంగా కొత్త సంగతి చెప్పేవి కొన్నే.

ప్రధాన సంఖ్యలను చిన్నదాని నుంచి లెక్కపెడితే దీని స్థానం 10,50,97,565. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. అంటే వెనుక 18, ముందు 12 దూరం. ఈ ప్రాంతంలో సగటు దూరం ఇరవై ఒకటికి పైనే కనుక ఇదేమీ ఒంటరిది కాదు. కవల ప్రధానం మాత్రం కాదు: రెండు తక్కువైన 2147483645 అయిదుతో తెగుతుంది, రెండు ఎక్కువైన 2147483649 మూడుతో తెగుతుంది. ఆ రెండోదాన్ని మూడుతో భాగిస్తే వచ్చే 715827883 మళ్ళీ ప్రధానమే. అలాంటివాటిని వాగ్‌స్టాఫ్ ప్రధానాలంటారు.

ఎనిమిదితో భాగిస్తే ఈ సంఖ్యకు శేషం 7. అందువల్ల దీన్ని రెండు వర్గాల మొత్తంగా గానీ, మూడు వర్గాల మొత్తంగా గానీ రాయలేం. కచ్చితంగా నాలుగు వర్గాలు కావాలి. నాలుగు ఎప్పుడూ సరిపోతాయని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు.

దీన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపినా ప్రధానమే వస్తే సోఫీ జర్మేన్ ప్రధానం అనేవాళ్ళం. అలా రాదు, వచ్చే 4294967295 సంయుక్తం. అయితే ఆ సంయుక్త సంఖ్య కారణాంకాలు చూడండి: 3 × 5 × 17 × 257 × 65537. ఫెర్మా ప్రధానాలు, అంటే రెండు ఘాతానికి ఒకటి ఎక్కువైన బేసి ప్రధానాలు, తెలిసినవి ఈ అయిదే, అయిదూ ఒక్కోసారి వచ్చాయి. స్కేలు, వృత్తలేఖినితో గీయగల బేసి భుజాల క్రమ బహుభుజుల్లో తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఇన్ని భుజాలుంటాయి. గౌస్ చూపిన నియమం ప్రకారం అలాంటివి తెలిసినవి మొత్తం 31. అయిదింటిలోంచి కనీసం ఒకటైనా ఎంచుకునే విధానాలు 2⁵−1 కనుక ఆ లెక్క వచ్చింది.

31 కూడా మెర్సెన్ ప్రధానమే కాబట్టి, 2³¹−1 ను ద్వంద్వ మెర్సెన్ ప్రధానం అంటారు. తెలిసినవి నాలుగు: 7, 127, మన సంఖ్య, లూకాస్ కనిపెట్టిన 2¹²⁷−1. ఇంకో మెట్టు ఎక్కి మన సంఖ్యనే ఘాతాంకంగా వేస్తే 64 కోట్ల 64 లక్షలకు పైగా అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధానం కాదు. 295257526626031 తో తెగుతుంది.

యాదృచ్ఛిక సంఖ్యల తయారీలో

ఈ సంఖ్య ప్రధానం కావడం కంప్యూటర్‌కు నిజంగా అక్కరకు వచ్చిన చోటు ఇది. 1 తో మొదలుపెట్టి, ప్రతిసారీ 16807 తో గుణించి, 2147483647 తో భాగించి శేషం ఉంచుకుంటూ పోతే 16807, 282475249, 1622650073, 984943658 అంటూ చూడటానికి ఏ క్రమమూ లేని వరుస వస్తుంది. 16807 అంటే 7⁵. ఈ గుణకంతో వెళ్తే 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చాకే వరుస మళ్ళీ మొదటికొస్తుంది. భాజకం ప్రధానం కాకపోతే ఇంత పూర్తి చుట్టు దొరకదు. 1969లో ఐబీఎం 360 యంత్రాల కోసం ఈ పద్ధతి ప్రతిపాదించారు, 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా నిలబెట్టారు. ప్రోగ్రాం సరిగ్గా రాశారో లేదో చూసుకోవడానికి వాళ్ళు చెప్పిన గుర్తు: పదివేలసారి వచ్చే సంఖ్య 1043618065 కావాలి. ఆ 360 యంత్రాల కాలంలోనే భాజకంగా ఒకటి ఎక్కువ, అంటే 2³¹, తీసుకున్న ‘రాండు’ అనే పద్ధతి అపఖ్యాతి పాలైంది. దాని సంఖ్యలను మూడేసి చొప్పున బిందువులుగా గుర్తిస్తే అన్నీ పదిహేను తలాల మీదే పడతాయి.

32 బిట్ల గడిలో

ముప్పై రెండు బిట్లలో ఒకటి గుర్తుకు పోతే మిగిలేవి ముప్పై ఒకటి. అన్నింటిలో ఒకటి వేస్తే మన సంఖ్య. అటు రుణ సంఖ్యల వైపు హద్దు −2147483648. హద్దు ప్రధాన సంఖ్య కావడం కేవలం 31 పుణ్యం. 16 బిట్ల హద్దు 32767 అయితే 7 × 31 × 151, 64 బిట్ల హద్దు కూడా సంయుక్తమే.

హద్దు దాటితే ఏమవుతుందనేది భాషను బట్టి ఉంటుంది. జావాలో ఒకటి కలిపితే చప్పుడు లేకుండా −2147483648 అవుతుంది. క్రమంలో ఉన్న జాబితాలో వెతికే జావా లైబ్రరీ ప్రోగ్రాంలో రెండు స్థానాలు కూడి సగం చేసే చోట ఇదే తప్పు ఏళ్ళ తరబడి దాగి ఉందని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టాడు. ఆ ప్రోగ్రాం రాసినదీ ఆయనే.

మన దేశంలో కొత్తగా డేటాబేస్ పట్టినవాళ్ళకు ఈ సంఖ్య పరిచయమయ్యేది మొబైల్ నంబర్ల దగ్గర. మన మొబైల్ నంబరు పదంకెలది, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతుంది. అంటే ఎంత చిన్నదైనా 600 కోట్లకు తగ్గదు, 214 కోట్ల గడిలో పట్టదు. గట్టి తనిఖీ పెట్టని మైఎస్‌క్యూఎల్‌లో ఆ నంబరును మామూలు పూర్ణాంకపు గడిలో వేస్తే పట్టినంత వేసి ఊరుకుంటుంది. తీరా చూస్తే కస్టమర్లందరిదీ ఒకే ఫోన్ నంబరు: 2147483647. పెద్ద గడి వాడటం కంటే ఫోన్ నంబరును అక్షరాలుగానే దాచడం మేలు. దాన్ని ఎవరూ కూడబోరు కదా!

2014 డిసెంబరులో ‘గంగ్నమ్ స్టైల్’ పాట చూసినవారి లెక్క ఈ హద్దు దాటిన సంగతి, యూట్యూబ్ ఆ లెక్కను 64 బిట్లకు మార్చిన సంగతి పత్రికల్లో వచ్చాయి. అది సరదా వార్త. 2015 నాటి బోయింగ్ 787 వార్త అలాంటిది కాదు. కరెంటు జనరేటర్లను నియంత్రించే యూనిట్లను 248 రోజులు ఆపకుండా నడిపితే అవన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశం జారీ చేసింది. సెకనులో నూరో వంతును ఒకటిగా లెక్కపెడితే 2³¹ చేరడానికి పట్టేది 248 రోజుల చిల్లర. ఆయిలర్ జల్లెడలోనూ 248 ఉంది, కానీ ఆ రెంటికీ సంబంధం లేదు.

2038

యునిక్స్ సంప్రదాయంలో కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ క్షణం మనకు ఉదయం 5:30. ఈ గడియారం ఎప్పుడు నిండుతుందో ఒక ఆటతో చూద్దాం: హానోయ్ గోపురం, బిళ్ళలను ఒక్కొక్కటిగా ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చే ఆట. దాన్ని కనిపెట్టింది కూడా లూకాసే, 1883లో. ముప్పై ఒక్క బిళ్ళల గోపురాన్ని మార్చడానికి కనీసం 2147483647 ఎత్తులు కావాలి. యునిక్స్ గడియారం మొదలైన క్షణాన ఆ పని మొదలుపెట్టి సెకనుకు ఒక ఎత్తు చొప్పున వేస్తూ వచ్చినవాడు 68 ఏళ్ళ తర్వాత చివరి ఎత్తు వేసేటప్పటికి, పాత 32 బిట్ల గడియారం కూడా నిండిపోతుంది. దాని మరుసటి సెకనులో అలాంటి యంత్రం తేదీ 1901 డిసెంబరుకు పోతుంది.

64 బిట్ల ఫోన్లకు, కంప్యూటర్లకు ఈ బెడద లేదు. 32 బిట్ల యంత్రాల కోసం లైనక్స్ కెర్నల్‌ను 2020లో వచ్చిన 5.6 నాటికి సరిదిద్దారు. చిక్కంతా ఒకసారి బిగించి మళ్ళీ ముట్టుకోని కంట్రోలర్లు, మీటర్లు, పాత డేటాబేస్‌లతోనే. వాటి బాధ్యత చూసేవాళ్ళు గుర్తుంచుకోవలసిన గడువు మన గడియారంలో 2038 జనవరి 19, మంగళవారం, ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు.